పక్కింటి ఓళిగలు హరామా?



ఇది రాయాలా వద్దా అని వారం రోజులుగా గుంజాటన. ఇంటి సంగతి బజారున పెట్టడం నాకు అలవాటు లేదు. కానీ ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని, మీలో చాలామంది ఇళ్లలో నడుస్తా ఉండేదేనని నాకు తెలుసు. అందుకే రాస్తున్నా.

దసరా రోజు, అంటే 2025 అక్టోబరు 2న, గురువారం మధ్యాహ్నం. మా ఎదురింటి అక్క స్టీలు తట్టలో ఆరు ఓళిగలు పెట్టి, మధ్యలో చిన్న గిన్నెతో నెయ్యి పెట్టి, మా నవాసీ చేతికిచ్చి పంపింది. ఏడేళ్ల పిల్ల. నెయ్యి ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటా వీధి దాటి వచ్చింది. గడప దగ్గర మావాడు కూర్చుని ఫోను చూస్తున్నాడు. బెంగళూరులో పని, సెలవుకి వచ్చినాడు. తట్ట అందుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. వాకిట్లో పడుకున్న వీధికుక్క ముందర ఆరు ఓళిగలూ బోర్లించి, తట్టని కొళాయి కింద మూడుసార్లు కడిగి బండ మీద పెట్టినాడు.

నేను బావర్చీఖానాలోంచి వచ్చేసరికి కుక్క సగం తినేసింది. పిల్ల అక్కడే నిలబడి దాన్నే చూస్తా ఉండాది. నన్ను చూసి అడిగింది:

"నానీ, ఆజ్ కుత్తే కీ ఈద్ హై క్యా?"

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

మావాడి మీద చాడీ చెప్పడానికి ఇది రాయడం లేదు. వాడు చెడ్డవాడు కాదు. ఐదు పూటల నమాజు వదలడు. నెల కాకముందే ఇంటికి డబ్బు పంపుతాడు. వాళ్ల అబ్బా మంచాన పడినప్పుడు రాత్రంతా కాళ్లు ఒత్తుతా కూర్చున్నాడు. నా గుస్సా వాడి మీద కాదు, వాడి చెవిలో పోసినవాళ్ల మీద. పేరూ ఊరూ తెలియని ఎవరో ఒక సాహెబ్ యాడనో కూర్చుని బయాన్ రికార్డు చేసి పంపుతాడు. వాళ్ల పండుగ తిండి తింటే ఈమాన్ పోతుందని, "హ్యాపీ దసరా" అంటే షిర్క్ అని, పిల్లల్ని బొమ్మల కొలువు చూడ్డానికి పంపినా, దీపావళి కాకరపువ్వొత్తి పట్టుకోనిచ్చినా ఖయామత్ రోజు తల్లిదండ్రులే జవాబు చెప్పుకోవాలని అంటాడు. ఆ సాహెబ్ ఇంటికి ఎదురుగా ఎవరుంటారో నాకు తెలియదు. మా ఇంటికి ఎదురుగా ఎవరుంటారో ఆయనకీ తెలియదు. అయినా మా గడప మీద హుకుం ఆయనదే నడుస్తా ఉండాది.

ఆయనకి తెలియని సంగతి ఒకటి చెప్తా. మా అక్క ముప్పై ఏళ్లుగా మాకు పంపే ఓళిగలు నైవేద్యం పెట్టినవి కావు. మొదటి వాయి పెనం మీద నుంచి దిగంగానే మా వాటా వేరే తట్టలోకి తీసి మూత పెట్టి, అటు తర్వాతే పూజ మొదలుపెడుతుంది. నేను కొత్తకోడలిగా ఈ వీధికి వచ్చిన మొదటి దసరాకి మా అత్తమ్మ ఆమెతో మెల్లగా ఒక మాట అనింది. పూజలో పెట్టింది మేము తినలేమమ్మా, తప్పుగా అనుకోవద్దు అని. ఆమె తప్పుగా అనుకోలేదు. ఆ మాట అత్తమ్మతో పోలేదు కూడా. అత్తమ్మ ఖబరిస్తాన్ చేరి పన్నెండేళ్లయినా ఆ వేరే తట్ట మాత్రం ఆగలేదు. మేమూ అంతే. రంజాన్‌కి షీర్ ఖుర్మా వండేరోజు పొయ్యి మీద మాంసం ఎక్కకముందే వాళ్ల గిన్నె నింపి పంపుతాం. బక్రీద్‌కి వాళ్లకి బియ్యం, బెల్లం, కొబ్బరి పోతాయి. వండినవి కావు, దినుసులే. ఇవి ఎవరూ రాసి పెట్టిన నియమాలు కావు. ఇద్దరు ఆడోళ్లు ఒకరి అఖీదాని ఒకరు చెడగొట్టకుండా ఎట్ల బతకాలో వీధిలో నిలబడి తేల్చుకున్నవి.

అంటే మన దీన్ కోసం పక్కన తీసిపెట్టిన తిండినే మన దీన్ పేరు చెప్పి కుక్కకేసినాం.

ఆమె అది చూసింది. తన గడపలో నిలబడి చూస్తానే ఉండింది. నేను అటు తిరిగేసరికి లోపలికి పోయింది. ఆ సాయంత్రం ఏమీ అనలేదు, మరుసటి రోజూ అనలేదు. ఆ వారంలోనే గ్యార్మీ వచ్చింది. పీరానే పీర్ పేరు మీద ఫాతెహా ఇచ్చి, మీఠా ఖానా చేసి, అదే స్టీలు తట్టలో పెట్టి పిల్ల చేత పంపినా. ఖాళీ తట్ట తిరిగి పంపే అలవాటు మా వీధిలో ఎవరికీ లేదు. పిల్ల తిరిగొచ్చి, అవ్వ ఏమనిందో చెప్పింది: "ఇంక నుంచి అరటిపండ్లు పంపిస్తాలే పాపా. పండ్లయితే మీ మామ తింటాడేమో."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

(గ్యార్మీ కూడా బిద్అత్ అనేవాళ్లు కామెంటు రాయడానికి సిద్ధమవుతున్నారని తెలుసు. దాని దగ్గరికీ వస్తా. కొంచెం సబర్.)

ఇప్పుడు ఆ పండ్ల మాట పట్టుకుని కితాబుల దగ్గరికి పోదాం. మావాడు "దలీల్ చూపించు అమ్మీ" అన్నాడు. సరే, చూపిస్తా. నేను ఆలిమాని కాను. కానీ ఉర్దూ చదవడం మా అబ్బా నేర్పించినాడు, ఇంట్లో నాలుగు కితాబులు ఉన్నాయి.

ముసన్నఫ్ ఇబ్న్ అబీ షైబాలో ఒక రివాయత్ ఉంది. ఒకామె హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా దగ్గరికి వచ్చి అడిగింది. మా పిల్లలకు పాలిచ్చే మజూసీ దాయీలు ఉన్నారు, వాళ్ల పండుగ రోజు మాకు హదియా పంపుతారు, ఏం చేయమంటారు అని. మజూసీలంటే అగ్నిని పూజించేవాళ్లు. అహ్లె కితాబ్ కూడా కాదు. ఉమ్ముల్ మోమినీన్ చెప్పిన జవాబు సారాంశం ఇది: ఆ రోజు కోసం కోసిన జంతువు తినొద్దు, చెట్ల నుంచి వచ్చేది తినండి. అంతే. ఆ ఆడోళ్లతో రిష్తా తెంచుకోమని చెప్పలేదు. పిల్లల్ని వాళ్ల దగ్గరి నుంచి లాక్కొచ్చేయండి అనీ చెప్పలేదు.

అబూ బర్జా అస్లమీ అనే సహాబీ ఉన్నారు. ఆయన పొరుగున మజూసీలు ఉండేవాళ్లు. నౌరోజ్‌కి, మెహర్గాన్‌కి హదియాలు పంపేవాళ్లు. మెహర్గాన్ అంటే ఇరాన్ వాళ్లు శరదృతువులో చేసుకునే పండుగ. మన దసరా దినాల్లోనే అనుకోండి. పండ్లయితే తినండి, వేరేవైతే తిప్పి పంపండి అని ఆయన ఇంట్లోవాళ్లకు చెప్పినారు. గట్టిగా మాట్లాడే మన సాహెబులు మాటిమాటికీ పేరెత్తే ఇబ్న్ తైమియ్యా ఈ రివాయతులన్నీ 'ఇఖ్తిదా అస్సిరాతుల్ ముస్తఖీమ్'లో చర్చించినారు. వాళ్ల పండుగల్లో కలవడాన్ని ఆ కితాబులో ఎంత కఠినంగా వద్దన్నారో నాకు తెలుసు. దాచిపెట్టను. అంత కఠినమైన మనిషే వాళ్ల పండుగ రోజు హదియా తీసుకోవడాన్ని మాత్రం వేరుగా చూసి, జాయెజ్ అనే వైపే నిలబడినారు. వద్దన్నది జబీహా.

ఓళిగ పండు కాదు కదా అంటారా? ఓళిగలో ఏముందో చెప్తా. మైదా, శనగబేడలు, బెల్లం, యాలకులు, మీద నెయ్యి. కోసిన ప్రాణి ఏదీ లేదు. పూజలో పెట్టింది కాదని పైనే చెప్పినా. అంత అనుమానం ఉన్నవాడు అబూ బర్జా చెప్పినట్టు "అక్కా, మాకు వద్దమ్మా" అని మర్యాదగా తిప్పి పంపొచ్చు. కుక్కకెయ్యమన్న రివాయత్ యాడుందో నాకు ఎవరైనా చూపించండి.

ఇంకొకటి. అబ్దుల్లా బిన్ అమ్ర్ రజియల్లాహు అన్హు ఇంట్లో మేకను కోసినారు. ఆయన ఇంటికొస్తానే అడిగిన మొదటి మాట, మన యూదు పొరుగాయనకి పంపినారా అని. మళ్లీ అడిగినారు, పంపినారా అని. తిర్మిజీలో, అబూ దావూద్‌లో ఉంది. కూర వండితే కొంచెం నీళ్లు ఎక్కువ పోసి పొరుగువాళ్లకి పెట్టమని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం హజ్రత్ అబూ జర్‌కి చెప్పినారు, అది ముస్లిం షరీఫ్‌లో ఉంది. సూరె నిసా 36వ ఆయత్‌లో తల్లిదండ్రులు, బంధువులు, యతీములు, మిస్కీన్లు అయినాక దగ్గరి పొరుగు, పరాయి పొరుగు అని ఇద్దరి పేరూ ఎత్తినాడు అల్లాహ్. ఇద్దర్నీ విడివిడిగా ఎందుకు చెప్పినాడో బయాన్ సాహెబ్ ఒకసారి ఆలోచించాలి.

మావాడు ఈ మాటకి ఒక జవాబిచ్చినాడు. "ఇవ్వడం వేరు అమ్మీ, తీసుకోవడం వేరు." ఇదే నాకు అన్నిటికంటే మంట పుట్టించిన మాట. మన షీర్ ఖుర్మా వాళ్లు తింటే మొహబ్బత్, వాళ్ల ఓళిగ మనం తింటే కుఫ్ర్? మన ఇఫ్తార్‌కి వాళ్లు వస్తే ఫొటోలు తీసి స్టేటస్ పెట్టుకుంటాం, గంగా జమునా తహజీబ్ అని రాసుకుంటాం. వాళ్ల ఇంటి గడప తొక్కాలంటే మాత్రం ఫత్వా వెతుకుతాం. ఎప్పుడూ ఇచ్చే చెయ్యే నాది, తీసుకునే చెయ్యి నాది కాదు అనేవాడిని దాత అంటారు, పొరుగోడు అనరు. పొరుగోడి దగ్గర చెయ్యి చాపడానికి సిగ్గుండదు.

మగోళ్లది ఇంకో తమాషా ఉంది. హిందూపురం రోడ్డు మీద మన మెకానిక్ భాయిల షెడ్లు, వెల్డింగ్ అంగళ్లు, పంక్చర్ అంగళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి. ఆయుధ పూజ ముందర వారం వాళ్లకి ఊపిరి తిరగదు. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు అన్నీ సర్వీసుకి వస్తాయి. పూజ రోజు గిరాకీలు బొరుగులు, బెల్లం, మిఠాయి పొట్లం, దానితోపాటు దుడ్లూ ఇచ్చిపోతారు. ఆ దుడ్లు హలాల్. ఆ పొట్లం షెడ్డులోనే తినేసి మూతి తుడుచుకుని ఇంటికొస్తారు. అదే పొట్లం ఇంటికి, ఆడోళ్ల చేతికి, పిల్లల చేతికి వస్తే హరామ్. ఇంట్లో దీన్ కాపాడే డ్యూటీ అంతా మాదే, బజారులో మాత్రం మీకు రుఖ్సత్!

బెంగళూరులో అపార్టుమెంటులో మూడేళ్లున్నా పక్క ఫ్లాటువాడి పేరు తెలియకుండా బతకొచ్చేమో. గోరంట్లలో అట్ల బతకలేం. ఇది చిత్రావతి ఒడ్డున ఉన్న ఊరని పుస్తకాల్లో ఉంటుంది. ఒడ్డు ఉంటుంది, నీళ్లు ఉండే రోజులు తక్కువ. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల దాపుల్లో వాన పడే నేల మనది. అది కూడా అదునుకి రాదు. ఇట్లాంటి చోట ఎదురిల్లంటే ఎదురిల్లు కాదు, బోరు. మా బోరు ఎండిపోయిన రెండు ఎండాకాలాలు ఆ అక్క వాళ్ల బోరు నీళ్లే మా ఇంట్లోకి పైపు వేసుకున్నాం. ఆ నీళ్లతో వజూ చేసినాం. ఆ నీళ్లతో మా మామగారి మయ్యత్‌కి గుసుల్ చేయించినాం. అప్పుడు ఎవరూ దలీల్ అడగలేదు. మావాడు కూడా ఆ నీళ్లు తాగే ఇంతవాడైనాడు.

చెనిక్కాయ పీకే రోజులు ఇవే, దసరా దీపావళి మధ్య. పండిన ఏడు పీకడానికి, ఎండిన ఏడు కట్టె అయినా దక్కుతుందని పీకడానికి, ఆడోళ్లం కలిసే పోతాం. సాలు పొడుగునా ఒకరి పక్కన ఒకరు కూర్చుని పీకుతాం. మధ్యాహ్నం సద్ది విప్పితే సంగటి ఒకరిది, ఊరిబిండి ఇంకొకరిది. ఎవరి టిఫిన్ మూతలో ఎవరు తింటున్నారో చూసుకునేంత తీరిక ఉండదు. కరువు గట్టిగా పట్టిన ఏళ్లలో సగం వీధి బెంగళూరుకి కూలికి పోయింది. మనవాళ్లూ పోయినారు. తాళం చెవులు ఎవరి దగ్గర పెట్టి పోయినారు? ముసలోళ్లని ఎవరికి అప్పజెప్పి పోయినారు? రాత్రి గుండె నొప్పి వస్తే ఆటో ఎవరు పిలిచినారు? ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంక పిల్లల సంగతి. ఈ పోస్టు అసలు పిల్లల కోసమే రాస్తున్నా.

పిల్లలకి షిర్క్ తెలియదు, తౌహీద్ గురించి బయాన్ తెలియదు. వాళ్లకి ఖుషీ తెలుసు. మన పిల్లల ఖుషీని ఒక్కొక్కటిగా కోసేస్తూ వచ్చినాం. మొదట పీర్ల పండుగ పోయింది. నేను ఎనిమిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1983లో, మొహర్రం అక్టోబరులో వచ్చింది. ఒకపక్క దసరా, ఇంకోపక్క పీర్ల చావిడి. మా అబ్బా భుజం మీద కూర్చుని అలావా చుట్టూ తిరగడం చూసినా. మలీద ముద్ద చేతిలో పెడితే వేళ్ల సందుల్లోంచి బెల్లం పాకం కారేది. పీరును ఎత్తుకున్నాయన మన బిరాదరీ కాదు, ఊళ్లో బోయాయన. హిజ్రీ ఏడాది పదకొండు రోజులు తక్కువ కదా, మన పండుగలు ముప్పై మూడేళ్లకి ఒకసారి రుతువులన్నీ చుట్టి వస్తాయి. మళ్లీ 2016లో, 2017లో ఆషూరా, దసరా పక్కపక్క రోజుల్లోనే పడినాయి. మళ్లీ అట్ల కలిసేది 2049 దాపుల్లో. అప్పటికి నేను ఉండను. మా నవాసీకి ముప్పై దాటుతాయి. అప్పుడు ఆమె తన పిల్లలకి ఏం చూపిస్తుంది?

పీర్ల పండుగ సహీ అని నేను ఫత్వా ఇవ్వడం లేదు. ఆ చర్చ ఉలమాలు చేసుకోనీ. నేను చెప్పేది ఒక్కటే: మనం "ఇది మాది కాదు" అని లేచిపోతే పండుగ ఆగలేదు, మనం లేకుండా నడుస్తా ఉండాది. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడుకి మొహర్రంలో పోయి చూడండి. కుళ్లాయిస్వామి పేరు మీద సరిగెత్తులు, అగ్నిగుండం, ఆఖరున జలధి. లెక్కలేనంత జనం. అందులో ఎక్కువమంది హిందువులే. అఫ్సర్ సాహెబ్ దాని మీద ఇంగ్లీషులో ఒక కితాబే రాసినారు, 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేసినారు. ఈ సీమలో కుళ్లాయప్ప, ఫక్కీరప్ప, మస్తానమ్మ అని పేరు చెప్తే ఏ మతమో ఎవరూ చెప్పలేరు. పెనుకొండ బాబయ్య దర్గాకి పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి పోయే కుటుంబాలు ఎవరివి? ఇదంతా ఇంకొకళ్ల చేతిలో పెట్టేసి, మన పిల్లల చేతిలో ఏం పెట్టినాం?

అటు తర్వాత మీలాద్. జెండాలు పట్టుకుని పిల్లలు తిరగడం బిద్అత్ అన్నారు. 2025 సెప్టెంబరు 5న మా వీధిలో జులూస్ పోయినప్పుడు పిల్లలు ఎంతమంది అని చూసినా. మునుపటికి సగం లేరు. ఉన్న పిల్లలకి బిందెతో మజ్జిగ పోసింది ఎవరో తెలుసా? ఆ ఎదురింటి అక్కే. తర్వాత గ్యార్మీ బిద్అత్. షబెబరాత్ హల్వా బిద్అత్. ఉరుసు షిర్క్. పక్కింటి దసరా హరామ్, దీపావళి హరామ్, పిల్లల పుట్టినరోజు నసారా అలవాటు. ఇన్ని తీసేసినాక మిగిలింది రెండు ఈద్‌లు. ఆ రెండు ఈద్‌లకైనా ఏం చేస్తున్నాం? నమాజుకి పోయి వస్తారు, బిరియానీ తింటారు, మగోళ్లు నిద్రపోతారు, ఆడోళ్లం సాయంత్రం దాకా గిన్నెలు తోముతాం, పిల్లల చేతికి ఐదువందల నోటు ఈదీ ఇచ్చి, ఏడుస్తే ఫోను ఇస్తాం. ఇదీ మనం కాపాడిన పండుగ.

బుఖారీ షరీఫ్‌లో ఉన్న సంగతి ఇది. ఈద్ రోజు హబషీలు మస్జిదె నబవీలోనే బల్లేలు, డాళ్లతో ఆట ఆడుతుంటే హుజూర్ హజ్రత్ ఆయిషాని తన వెనక నిలబెట్టుకుని చూపించినారు. ఆమె అలిసిపోయి చాలు అనేదాకా కదలలేదు. ఇంకొక ఈద్ రోజు ఇద్దరు అమ్మాయిలు ఇంట్లో పాడుతుంటే హజ్రత్ అబూ బకర్ కోప్పడబోయినారు. వదిలెయ్యమన్నారు హుజూర్. ప్రతి ఖౌమ్‌కీ ఒక ఈద్ ఉంటుంది, ఇది మనది అన్నారు. మావాడు ఈ హదీసులో చివరి మాటే పట్టుకున్నాడు. "చూసినావా అమ్మీ, వాళ్లది వాళ్లకి, మనది మనకి." ఔను నాయనా, నేనూ అదే అంటున్నా. దసరా నా ఈద్ కాదు. నేను దాన్ని నా ఈద్ అనలేదు, పూజలో కూర్చోలేదు, చేతులు జోడించలేదు. కానీ ఆ మాట ఏ సందర్భంలో వచ్చింది? పాడుతున్న పిల్లల నోరు మూయించబోతే వచ్చింది. పిల్లల ఖుషీని కాపాడటానికి హుజూర్ చెప్పిన మాటని తీసుకుని పిల్ల చేతిలోని తట్ట లాక్కోవడానికి వాడుతున్నాం.

పిల్లలు గందరగోళపడతారని ఒక ఖాలా నాకు ఫోన్లో చెప్పింది. ఈరోజు ఓళిగ తింటారు, రేపు బొట్టు పెట్టుకుంటారు అని. నాకు యాభై ఏళ్లు. యాభై దసరాల ఓళిగలు తిన్నా. ఈ రోజుకీ ఫజర్ వదలలేదు. మా అమ్మీ, మా నానీ తిన్నారు, కలిమా చదువుతానే కళ్లు మూసినారు. ఒక బెల్లం ముక్కకి కరిగిపోయే ఈమాన్ అయితే దాన్ని ఇంట్లో దాచిపెట్టినా నిలబడదు. మా నవాసీ ఆ ఇంట్లో బొమ్మల కొలువు చూసి వచ్చి నాకు చెప్పింది: "నానీ, వాళ్ల దేవుడికి బొమ్మ ఉంది, మన అల్లాహ్‌కి లేదు." ఏడేళ్ల పిల్ల. మదరసాలో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు ఆమెకి. పక్కింటికి పోయి చూసింది కాబట్టే తేడా తెలిసింది.

అటు వైపు సంగతి నాకు తెలియదని కాదు. గర్బా పందిళ్లలోకి హిందువులు తప్ప ఎవరూ రాకూడదు, ఆధార్ కార్డు చూసి పంపాలి అని 2025 సెప్టెంబరులో మహారాష్ట్రలో విశ్వ హిందూ పరిషత్ వాళ్లు అన్నారు. పేపర్లో చదివి నా కడుపు మండింది. మనల్ని గడప బయట నిలబెట్టాలనుకునేవాళ్లు ఉన్నారు, ఎక్కువవుతున్నారు. అందుకే అడుగుతున్నా: వాళ్లు బయటి నుంచి కట్టే గోడకి లోపలి నుంచి ఇటికలు అందిస్తున్నది ఎవరు? ఆ పరిషత్ సాహెబూ, మన బయాన్ సాహెబూ ఒకరినొకరు ఎప్పుడూ చూసి ఉండరు. ఇద్దరూ మా అక్కకి, నాకు చెప్పేది మాత్రం ఒకటే మాట. 2023లో మీలాద్, వినాయక నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే పడితే హైదరాబాదులో మన పెద్దలే జులూస్‌ని అక్టోబరు 1కి జరుపుకున్నారు. వాళ్ల దీన్ ఏమీ తగ్గలేదు. ఊరు ప్రశాంతంగా నిద్రపోయింది.

బహెనో, ముఖ్యంగా మీతో ఒక మాట. ఇంటికి వచ్చిన తట్ట తీసుకోవాలా వద్దా అన్నది మనకి వదిలెయ్యమనండి. వీధిలో రిష్తాలు నడిపేది మనం. కాన్పు నొప్పులప్పుడు ఎవరు వచ్చినారో, అప్పు చక్కెర ఎవరిచ్చినారో మనకి తెలుసు. పూజలో పెట్టింది ఏదో, పెట్టనిది ఏదో అడిగి తెలుసుకునే నోరు కూడా మనకుంది. అఖీదాకి హద్దు ఎక్కడో మనకి తెలియక కాదు. ఆ హద్దు మీద నిలబడి పలకరించుకోవడమూ మనకి తెలుసు.

మావాడికి ఇదంతా ఫోన్లో చెప్పినా. ముందు వాదించినాడు. అరటిపండ్ల మాట చెప్పినాక చాలాసేపు మాట్లాడలేదు. "నాకు తెలియదు అమ్మీ, ఆమె ముందే తీసిపెడుతుందని" అన్నాడు. అడిగి ఉంటే తెలిసేది అన్నా.

దీపావళి 20వ తేదీ, సోమవారం. ఆ రోజు ఆ ఇంట్లో నుంచి తట్ట వస్తుందో రాదో నాకు తెలియదు. వస్తే పండ్లే వస్తాయేమో. అంతకుముందే మన ఇంటి నుంచి ఒకటి పోవాలి, అది నీ చేతి మీదుగా పోవాలి, పోయి ఆమె ఎదురుగా నిలబడాలి అని చెప్పినా. సెలవు దొరకదు అన్నాడు. ఆదివారం సాయంత్రం మెజెస్టిక్‌లో బస్సు ఎక్కితే రాత్రికి ఇంట్లో ఉంటావు, సోమవారం పొద్దున్నే పోయి రావచ్చు అన్నా.

చూస్తా అన్నాడు.